పాత కారు - కొత్త పూచీ

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ వారం కారు గురించి మాట్లాడతానంటే మా పెద్ద తోటికోడలు నవ్వింది. "స్టీరింగు పట్టుకోవటం కూడా రాదు కదే నీకు, నువ్వేం చెబుతావు?" అంది. నిజమే, రాదు. కానీ నడిపేవాళ్ళు మగవాళ్ళయినా దానికి పోసేది ఇంటి డబ్బు కదా. అందులో పోపుల డబ్బాలోంచి ఎంత వెళుతుందో మనకు తెలుసు. అంచేత ఇది మన సంగతి కూడానని నా వాదన. విన్నాక మీరే చెప్పండి.

మాది తెనాలి దగ్గర నందివెలుగు. గుంటూరులో నందివెలుగు రోడ్డు అని ఒకటి వుంది. అక్కడ మా వూరి పేరు చెప్పగానే "రోడ్డు మీద ఎక్కడండీ ఇల్లు?" అంటారు. రోడ్డు కాదండీ, వూరే అని చెప్పుకోవాల్సి వస్తుంది. సరే, అదలా వుంచండి. మా అత్తగారికి మూత్రపిండాల జబ్బు. వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయించాలి. చూసే డాక్టరుగారు గుంటూరులో వున్నారు. రెండేళ్ళపాటు ఆటోలో తిప్పాం. వెళ్ళేటప్పుడు ఫరవాలేదు గానీ, నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుని లేచిన మనిషిని ఆ కుదుపుల్లో ఇంటికి తీసుకువస్తుంటే నా ప్రాణం వుసూరుమనేది. ఒక వానాకాలం రాత్రి చెప్పిన ఆటో రాలేదు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం. ఆ రాత్రే మావారు "పాతదైనా సరే, ఒక బండి కొనాలి" అన్నారు.

డబ్బు ఎక్కడిదంటారా? మావారు పాడిన చీటీ డబ్బు కొంత, మా మరిది సర్దింది కొంత. మిగిలింది నాది. మా అమ్మ నాకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన అరెకరం మాగాణి వుంది. దాని మీద వచ్చే కౌలు మూడేళ్ళుగా పోస్టాఫీసులో వేసుకుంటున్నాను. ఏడాదికి పద్నాలుగు, పదిహేను వేలు వస్తుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

2025 సంక్రాంతి వెళ్ళాక బండ్లు చూడటం మొదలుపెట్టాం. ఒక పట్నంలో పాత కార్లు అమ్మే షాపుకి వెళ్ళాం. ఏ పట్నమో, ఏ షాపో చెప్పను. అక్కడ ఒక బూడిదరంగు కారు చూపించారు. ఏపీ 16 నెంబరు, అంటే కృష్ణా జిల్లా బండి. అద్దంలా మెరుస్తోంది. తలుపు తియ్యగానే గుప్పున సెంటు వాసన. మావారికి నచ్చేసింది. ధర కూడా మేం అనుకున్న దానికంటే ఓ పాతిక వేలు తక్కువే. పైగా షాపు అబ్బాయి, "దీనికి ఏడాది వారంటీ ఫ్రీగా ఇస్తున్నాం మేడమ్. ఏదొచ్చినా ఫోను చెయ్యండి చాలు, మేం చూసుకుంటాం" అన్నాడు.

ఇక్కడ ఒక్కమాట. మనం గ్యారంటీ అనీ, వారంటీ అనీ, ఇన్సూరెన్సు అనీ మూడింటినీ ఒకే గంపలో వేస్తాం. ఇన్సూరెన్సు అంటే బండి గుద్దుకున్నా, దొంగలెత్తుకుపోయినా, తగలబడినా, వరదలో మునిగినా అడగాల్సింది. వారంటీ అలా కాదు. ఎవరూ ఏమీ చెయ్యకుండా, సరిగ్గా వాడుతుండగా, లోపల భాగం దానంతటది చెడిపోతే బాగుచేసి ఇస్తామనే మాట. కొత్త కారుకి కంపెనీయే ఈ మాట ఇస్తుంది. ఆ గడువు అయిపోయాక డబ్బు తీసుకుని మళ్ళీ ఇచ్చే మాటకే ఎక్స్‌టెండెడ్ వారంటీ అని పేరు. మన భాషలో పూచీ అనుకుందాం. పాత కార్ల షాపుల్లో ఈ పూచీని కొన్నిచోట్ల బండితో కలిపి ఇస్తారు, కొన్నిచోట్ల విడిగా అమ్ముతారు.

ఆ రోజు మావారు అడ్వాన్సు ఇవ్వబోతుంటే నేను "ఆ వారంటీ కాగితం ఏదీ, ఒకసారి చూపించండి" అన్నాను. "అది తర్వాత మెయిల్లో వస్తుంది మేడమ్" అన్నాడు. "మా పొలం కౌలుకాగితమే చదవకుండా సంతకం పెట్టను నాయనా, ఇది లక్షల మాట" అన్నాను. మావారు నా వంక గుర్రుగా చూశారు. చూస్తే చూశారు. చివరికి ఫోనులోనే చూపించాడు. నా చదువు పదో తరగతి. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను. మా అమ్మాయి ఇంటరు చదువుతోంది. ఆ కాగితం దాని ఫోనుకి పంపించమని, ఇంటికి వచ్చాక ఇద్దరం దీపం కింద కూర్చున్నాం.

వర్తించేవి అరపేజీ. వర్తించనివి రెండున్నర పేజీలు.

మీరు మిక్సీ కొన్నారనుకోండి. మోటారుకి వారంటీ వుంటుంది. జార్లకూ, బ్లేడ్లకూ, కింద రబ్బరు బుష్షుకూ వుండదు. మన ఇళ్ళల్లో ముందు పోయేవేవి? జారూ, బ్లేడూ, బుష్షూ. కారు వారంటీ కూడా సరిగ్గా ఇదే తరహా. ఇంజినూ గేరు పెట్టే వుంటాయి. క్లచ్చి ప్లేట్లు, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ, టైర్లు, బెల్టులు, రబ్బరు గొట్టాలు, బల్బులు వుండవు. అరిగేవి అరుగుతాయి, అది మా పూచీ కాదంటారు. అందులో తప్పు కూడా లేదు. కానీ "ఏదొచ్చినా మేం చూసుకుంటాం" అన్న నోటిమాటకీ, ఈ రెండున్నర పేజీలకీ మధ్య ఎంత దూరం వుందో చూడండి.

మర్నాడు మావారిని బతిమాలి, తెనాలిలో షెడ్డు వున్న మేస్త్రీని వెంటపెట్టుకుని మళ్ళీ వెళ్ళాం. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న మనిషి. ఒక పూట పని మానుకుని వస్తున్నందుకు వెయ్యి రూపాయలు ఇస్తామన్నాం. ఆ వెయ్యి దండగని మావారు దారి పొడుగునా సణిగారు. మేస్త్రీ బానెట్ ఎత్తలేదు, ఇంజిను చూడలేదు. ముందు డ్రైవరు పక్కసీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. మామూలుగా మనం ఎవరం అంత లాగం కదా. చివర జానెడు మేర బెల్టు మీద ఎండిపోయిన సన్నటి ఒండ్రు. తర్వాత కింద పరిచిన తివాచీ మూల ఎత్తి నన్ను పిలిచాడు. "అమ్మా, మీరు వాసన చూడండి. ఆడవాళ్ళకి తొందరగా తెలుస్తుంది" అన్నాడు. సెంటు అంతా పైపైనే. అడుగున నానిన గోనెసంచి వాసన. సీటు కింది బోల్టులు తుప్పు పట్టి వున్నాయి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్ళన్నీ నీళ్ళలో మునగటం మీరెవ్వరూ మర్చిపోయి వుండరు. ఆ నీళ్ళలో వేలాది బండ్లు రోజుల తరబడి నానాయి. అటువంటప్పుడు రిపేరు ఖర్చు బండికి కట్టిన విలువలో ముప్పాతిక వంతు దాటితే ఇన్సూరెన్సువాళ్ళు బండి పూర్తిగా పోయినట్టే లెక్కగట్టి యజమానికి డబ్బిచ్చేస్తారు. ఆ బండి తుక్కు కింద అమ్ముడవుతుంది. తుక్కు కొన్నవాళ్ళలో కొందరు దాన్ని కడిగి, ఆరబెట్టి, రంగు వేసి మళ్ళీ బజారులో పెడతారు. మేం చూసిన బండి ఆ వరదదేనని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఏ నీళ్ళో తెలియదు గానీ నీళ్ళలో మునిగిందన్నది మాత్రం ఆ బెల్టే చెప్పింది. మునిగిన బండి ఆరు నెలలు బాగానే తిరుగుతుంది. తర్వాత లోపలి వైర్లూ, కంప్యూటరు డబ్బా ఒక్కొక్కటే తుప్పు పట్టి మొరాయిస్తాయి. ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

షాపు అబ్బాయి మొహం ఏం మారలేదు. "ఏడాది వారంటీ ఇస్తున్నాంగా మేడమ్, ఇంకా భయమెందుకు?" అన్నాడు. మా అమ్మాయి ఫోను తీసి, మూడో పేజీలో ఒక వాక్యం వేలితో చూపించింది. నీళ్ళు చేరటం వల్ల గానీ, తుప్పు వల్ల గానీ వచ్చిన నష్టానికీ, బండి కొనకముందే వున్న లోపాలకీ ఈ వారంటీ వర్తించదు. చూశారా? ఏ రోగం వుందో ఆ రోగానికి మాత్రం మందు లేదు. ఆ రోజు మా వెయ్యి రూపాయలు లక్షలు కాపాడాయి. వచ్చేటప్పుడు మావారు సణగలేదు.

ఇంకొకటి కూడా ఆ కాగితంలో వుంది. మీటరు వెనక్కి తిప్పినట్టు తేలితే వారంటీ చెల్లదట. సబబే. కానీ తిప్పింది మనకు ముందున్నవాళ్ళు, మనకా సంగతి తెలియను కూడా తెలియదు. అయినా నష్టపోయేది మనమే. అంచేత బండి కొనేముందు కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్ళి, నెంబరు చెప్పి, ఏ సర్వీసు ఎన్ని కిలోమీటర్ల దగ్గర చేయించారో అడగండి. యజమాని చేత అడిగిస్తే ఇంకా మంచిది. మూడేళ్ళ కిందట డెబ్బై వేలు తిరిగిందని రాసివుండి, ఇప్పుడు మీటరు నలభై వేలు చూపిస్తుంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత మూడు వారాలకు గుంటూరులో ఇంకో చోట 2016 నాటి వ్యాగన్ఆర్ దొరికింది. పెట్రోలు బండి, మామూలు గేర్లది, ఒకే చెయ్యి తిరిగింది. సర్వీసు లెక్కలు సరిపోయాయి. మేస్త్రీ బెల్టు లాగి చూసి తలవూపాడు. ఆ వ్యాపారి దగ్గర రవాణా శాఖవారి అధికార పత్రం కూడా గోడకు వేలాడుతోంది. 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్టరయిన బండ్లు కొని అమ్మే వ్యాపారికి ఈ పత్రం వుండి తీరాలని కేంద్ర ప్రభుత్వ నిబంధన. అడిగితే తప్పేమీ లేదు, అడగండి. ధర రెండు లక్షల తొంభై అయిదు వేలకు తెగింది. అక్కడ వారంటీ ఉచితం కాదు. కావాలంటే ఏడాదికి పన్నెండు వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,160. మొత్తం 14,160 రూపాయలు.

అంటే నా అరెకరం ఒక ఏడాది కౌలు.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. ఇదివరకటి బండికి వారంటీ పనికిరాదని తెలిసిపోయింది. ఇది మంచి బండి. దీనికి తీసుకోవాలా, వద్దా? మావారు తీసుకుందామన్నారు. "అమ్మని తిప్పే బండి. మధ్యలో ఏమన్నా అయితే?" అన్నారు. ఆ మాట నన్నూ ఆలోచనలో పడేసింది.

చుట్టాల్లో ఇద్దరి అనుభవాలు తెలుసు. మా ఆడపడుచు హైదరాబాదులో నాలుగేళ్ళ కారు కొంది. గేర్లు వాటంతటవే మారే రకం. వారంటీ తీసుకుంది. ఎనిమిదో నెలలో గేరు పెట్టె పట్టేసింది. లక్ష దాటిన రిపేరు. వాళ్ళ కాగితంలో దానికి పరిమితి బండి విలువ దాకా వుంది కాబట్టి చేతి నుంచి రెండు మూడు వేలు తప్ప పడలేదు. వదినకి ఆ కాగితం దేవుడి పటంతో సమానం. కాకపోతే అనుమతులు వచ్చేదాకా కారు పందొమ్మిది రోజులు షెడ్డులోనే వుంది.

మా పెద్దమ్మ కొడుకుది ఇంకో కథ. వాడూ డబ్బు కట్టాడు. ఇంజిను ఆయిలు వాళ్ళ వీధి చివర షెడ్డులో మార్పించాడు. తక్కువలో అయిపోతుందని ఆశ, అంతే. తర్వాత ఇంజిను చెడింది. వారంటీవాళ్ళు సర్వీసు రికార్డు అడిగారు. వాళ్ళు చెప్పిన సెంటర్లో, చెప్పిన గడువులో చేయించినట్టు లేదు కాబట్టి ఇవ్వం అన్నారు. కాగితంలో ఆ షరతు వున్నమాట నిజమే. వాడు చదవలేదన్నదీ నిజమే. వారంటీ ధరే ఖర్చు అనుకుంటాం గానీ, ఆ ఏడాదంతా ఖరీదయిన చోట సర్వీసు చేయించటం కూడా ఆ ఖర్చులోదే. దాన్ని ఎవరూ కలపరు.

నేను మేస్త్రీని మా ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి కూర్చున్నాను. "ఈ బండికి ఏడాదిలో తప్పకుండా వచ్చే ఖర్చులేవి, రావచ్చు అనేవేవి, వస్తే కొంప మునిగేవేవి చెప్పండి" అన్నాను. తప్పకుండా వచ్చేవాటిలో బ్యాటరీ, బెల్టూ గొట్టాలూ, క్లచ్చి చెప్పాడు. రెండు టైర్లు కూడా ఏడాదిన్నరలో మార్చాలన్నాడు. ఇవేవీ వారంటీలో లేవు. రావచ్చు అనేవాటిలో కరెంటు తయారుచేసే ఆల్టర్నేటరు, ఏసీ కంప్రెసరు చెప్పాడు. ఇవి వున్నాయి. ఇక కొంప మునిగేది ఇంజిను. అది చెడితే యాభై వేల దాకా అవుతుందన్నాడు. "అయితే అమ్మా, ఈ ఇంజిను ఆయిలు తాగట్లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. నీళ్ళు చూసుకుంటూ, వేడి ముల్లు పైకెక్కితే అక్కడే ఆపేస్తే దీనికి ఏడాదిలో ఏమీ కాదు" అన్నాడు. వేడెక్కినా ఆపకుండా నడిపితే వచ్చే చెరుపుకి ఎలాగూ వారంటీ వర్తించదట. అదీ కాగితంలో వుంది.

మళ్ళీ కాగితం చూశాం. కొన్న మొదటి ముప్పయ్ రోజుల్లో వచ్చిన రిపేరుకి వర్తించదు. ఒక్కో రిపేరుకి ముప్పయ్ వేలు మించి ఇవ్వరు. విప్పి చూసే కూలి మనదే. లోపల వారంటీలో వున్న భాగమే చెడినట్టు తేలితేనే ఆ కూలి తిరిగి ఇస్తారు. ముందు అనుమతి లేకుండా విప్పితే అసలు చెల్లదు. అనుమతి ఇచ్చే షెడ్డు తెనాలిలో లేదు, గుంటూరులో వుంది. అంటే బండి మా ఇంటి దగ్గర ఆగిపోతే లాక్కువెళ్ళే ఖర్చు వేరే.

షాపువాళ్ళు దీన్ని అమ్మటానికి ఎందుకంత పట్టు పడతారో కూడా కాస్త ఆలోచించాను. చీటీ సంగతి మనకు తెలుసు. నడిపేవాడి కమీషను 7 శాతం మించకూడదని 2019లో సవరించిన చట్టం గీత గీసింది. ఎంత పోతోందో లెక్క కనబడుతుంది. వారంటీ అమ్మినవాళ్ళకి ఇందులో ఎంత మిగులుతుందో ఆ మూడు పేజీల్లో ఎక్కడా లేదు. వాళ్ళు ధర్మసత్రం నడపటం లేదు కదా. అందరి దగ్గరా వసూలు చేసిన దానికంటే రిపేర్లకు ఇచ్చేది తక్కువయితేనే ఆ వ్యాపారం సాగుతుంది. అలాగని అది మోసం కాదు. పెద్ద దెబ్బ తగిలితే తట్టుకోలేని వాళ్ళకి అది ఒక ఆసరా. మా వదిన గేరు పెట్టెలాంటిది మాకు వచ్చే అవకాశం వుంటే నేనూ కళ్ళు మూసుకుని కట్టేదాన్ని. గేర్లు వాటంతటవే మారే బండికీ, బోలెడన్ని ఎలక్ట్రానిక్ హంగులున్న బండికీ, ఒక్కటి చెడితే లక్ష పలికే బండికీ, కాగితంలో పరిమితి కూడా ఆ లక్షకు సరిపడా వుంటే తీసుకోవటం మంచిదే. నాలుగేళ్ళలోపు బండి అయితే ముందు కంపెనీ వారంటీ ఇంకా మిగిలి వుందేమో చూసుకోవాలి. మారుతీవాళ్ళు 2024 జులై నుంచి కొత్త బండికిచ్చే వారంటీని మూడేళ్ళకు, లక్ష కిలోమీటర్లకు పెంచారు. అలా మిగిలివున్న బండికి ఇంకో పూచీ కొనటమంటే గొడుగు మీద గొడుగు వేసుకోవటమే.

మా బండి అటువంటిది కాదు. వీధికో మేస్త్రీ బాగుచెయ్యగల బండి, సామాను తెనాలిలోనే దొరికే బండి. ఇంకా పెద్ద మాట ఏమిటంటే, మావారి భయం డబ్బు గురించి కాదు. అమ్మ మధ్యదారిలో చిక్కుకుపోతుందేమోనని. వారంటీ కాగితం బిల్లు కడుతుంది గానీ బండిని ఆగకుండా నడిపించదు కదా. బండి ఆగకుండా వుండాలంటే ఏం చెయ్యాలి? ఆగిపోవటానికి కారణమయ్యేవి ముందే మార్చుకోవాలి. అవి ఏవో క్యాలెండరు వెనకాల మేస్త్రీ చెప్పనే చెప్పాడు.

అంచేత ఆ 14,160 మేం ఎవరికీ కట్టలేదు. అలాగని పట్టుచీరకు కూడా పెట్టలేదు. అందులో 6,300 పెట్టి కొత్త బ్యాటరీ, ఫ్యాను బెల్టు, నీళ్ళ గొట్టాలు అప్పటికప్పుడే మార్పించాం. మిగిలిన 7,860 ఒక పాత హార్లిక్స్ సీసాలో వేసి, మూత మీద "బండి" అని రాసి, బియ్యం డబ్బా వెనకాల పెట్టాను. పండగ వచ్చినా పబ్బం వచ్చినా దాని జోలికి పోకూడదని ఇంట్లో అందరిచేతా ఒట్టు వేయించాను. ఇక్కడే నేను నిజం చెప్పాలి. ఆ సీసా నిలబెట్టుకునే వోపిక లేని ఇంట్లో, వారంటీ కొనుక్కోవటమే నయం. చేతిలో వుంటే ఖర్చయిపోయే డబ్బు ఎవరికో ఒకరికి కట్టేస్తేనన్నా పనికొస్తుంది.

కొన్నాక చెయ్యాల్సినవి రెండు మాటల్లో చెప్పేస్తాను. బండి పేరు మార్పు మావాళ్ళకి వదిలెయ్యకండి, వెంటపడండి. పేరు మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్సు కూడా మీ పేరుకు మార్పించుకోవాలి. లేకపోతే మీ బండికి దెబ్బ తగిలిన రోజున ఆ డబ్బు రావటం కష్టం. వారంటీ తీసుకున్నవాళ్ళు ఆ కాగితం మీద కూడా పేరు, బండి నెంబరు, ఛాసిస్ నెంబరు సరిచూసుకోండి. నోటితో చెప్పిందేదైనా రాతలో ఇమ్మని అడగండి. ఇవ్వాల్సిన రిపేరు ఇవ్వకుండా తిప్పితే 1915కి ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను వాళ్ళు పలుకుతారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషను వుంది. 2019 చట్టం వచ్చాక, మీరు కొన్న వూరు వెళ్ళక్కర్లేదు, మీరు కాపురముండే జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2022 ఏప్రిల్లో బాపట్ల వేరే జిల్లా అయింది కదా, రేపల్లె అక్కచెల్లెళ్ళు ఇప్పుడు ఆ జిల్లా కిందికి వస్తారు. మా తెనాలి గుంటూరులోనే వుండిపోయింది. మీరు చెల్లించింది అయిదు లక్షల లోపయితే రుసుము లేదు. ప్లీడరును పెట్టుకోవాలని కూడా ఏమీ లేదు. రెండేళ్ళ లోపు వెయ్యాలి, అంతే.

మరి మా బండి ఎలా వుందంటారా? పదకొండో నెలలో ఒక సాయంత్రం అత్తగారిని ఎక్కించుకుని గుంటూరు నుంచి వస్తున్నాం. సగం దూరం వచ్చాక ముందు పలకలో బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగింది. మావారు కంగారుపడి మేస్త్రీకి ఫోను చేశారు. "ఆల్టర్నేటరు పోయింది బాబుగారూ. ఇంజిను మాత్రం ఆపకండి. ఏసీ కట్టేయండి, ఫ్యాను కట్టేయండి, రేడియో కట్టేయండి. బ్యాటరీ కొత్తదే కదా, ఇల్లు చేరుస్తుంది" అన్నాడు. అదృష్టం, ఇంకా వెలుగు వుంది, లైట్లు వెయ్యక్కర్లేకపోయింది. బ్యాటరీ ఇల్లు చేర్చింది. మర్నాడు పాతదాన్నే విప్పి బాగుచేసినందుకు 3,800 అయింది. సీసాలోంచి తీశాను. ఇంకా 4,060 వున్నాయి. వారంటీ కట్టివుంటే కొత్త ఆల్టర్నేటరే వేసేవాళ్ళని మావారు ఇప్పటికీ దెప్పుతారు. ఆయన లెక్క ఆయనది, అందులో అబద్ధం లేదు.

అత్తగారికి మాత్రం ఈ లెక్కలేవీ పట్టలేదు. ఆ సాయంత్రం వెనకసీట్లో నా వొళ్ళో తల పెట్టుకుని, కళ్ళు మూసుకునే, "మంచి పాట వస్తుంటే రేడియో ఎందుకు కట్టేశారే?" అని అడిగింది.